మొదటి షటిల్ బ్యాట్ – కొట్టాయన ఒకటి, కోర్టులో వాళ్ళు ఒకటి చెబుతున్నారు. ఏం కొనమంటారు?

అంబాజీపేట_అబ్బులు
నాకు 37. నిరుడు దాకా షటిల్ అంటే సంక్రాంతికి ఇంటి ముందు పిల్లలతో ఆడిందే. షుగర్ బార్డర్‌లో ఉందని డాక్టర్ అనేసరికి మూడు వారాల నుంచి అమలాపురంలో ఒక ఇండోర్ కోర్టుకి పొద్దున్నే వెళ్తున్నాను. చేతిలో ఉన్నది జత ఏడొందలకి కొన్న ఇనప బ్యాట్. వెనక నుంచి ఎంత బలంగా కొట్టినా కాక్ అవతల కోర్టు మధ్యలో పడుతుంది. వాళ్ళు దాన్ని అక్కడి నుంచి చితక్కొడతారు. డబుల్స్‌లో నా జోడీ చాలా మర్యాదస్తుడు. ప్రతిసారీ "పర్లేదండీ" అంటాడు. ఆ పర్లేదండీ భరించలేకపోతున్నాను.

నిన్న కొట్టుకెళ్తే "స్మాష్ రావాలంటే హెడ్ హెవీ తీసుకోండి" అని 5,800ది చేతిలో పెట్టాడు. కోర్టులో ఒకాయన 3యూ అంటాడు, ఇంకొకాయన 5యూ తప్ప ముట్టుకోవద్దంటాడు. బ్యాట్ మీద 4యూ జి5 అని రాసుంటుంది, అదేంటో నాకు అర్థం కాదు. బడ్జెట్ 3 వేలు. ఇంట్లో మాత్రం 2 వేలని చెప్పాను.

భీమవరం_బుల్లోడు
దోమల బ్యాట్ తీసుకోండి గురూ. హెడ్ హెవీ, పైగా కాక్ తగలగానే చిటపటలాడుతుంది.

గట్టింగ్_గణపతి
బుల్లోడి మాట వదిలేయండి. తణుకులో పదకొండేళ్ళ నుంచి బ్యాట్లకి గట్టింగ్ (తలలో గట్ అనే తీగ అల్లడం) వేస్తున్నాను, కాబట్టి కొంచెం పొడుగ్గా చెబుతాను.

యూ అంటే బరువు. అంకె పెరిగే కొద్దీ బ్యాట్ తేలికవుతుంది. యోనెక్స్ కంపెనీ లెక్కలో 3యూ అంటే 85 నుంచి 89 గ్రాములు, 4యూ 80 నుంచి 84, 5యూ 75 నుంచి 79. అంటే 3యూకీ 4యూకీ తేడా ఒక చెంచాడు పంచదార. మీకెలాగూ షుగర్ అంటున్నారు, 4యూ తీసుకోండి. జి అంటే పిడి మందం. అక్కడా అంకె పెరిగితే పిడి సన్నం, జి4 కంటే జి5 సన్నం. ఈ గుర్తులు కంపెనీని బట్టి మారతాయి కనక పట్టుకుని చూడకుండా కొనకండి.

మిగిలింది రెండు సంగతులు. బరువు తల వైపుందా, పిడి వైపుందా, మధ్యలో ఉందా అన్నది ఒకటి. దాన్నే హెడ్ హెవీ, హెడ్ లైట్, ఈవెన్ బ్యాలెన్స్ అంటారు. పిడికీ తలకీ మధ్య ఉండే కడ్డీ, అదే షాఫ్ట్, ఎంత వంగుతుందన్నది రెండోది. కొత్తవాళ్ళు ఎప్పుడూ అడగనిది ఈ రెండోదే, కానీ ముందు చూడాల్సింది అదే. బ్యాట్ విసిరినప్పుడు షాఫ్ట్ కాస్త వెనక్కి వంగి, కాక్ తగిలే వేళకి తిరిగి లేస్తుంది. స్టిఫ్ షాఫ్ట్‌ని వంచాలంటే చెయ్యి చాలా వేగంగా తిరగాలి. మూడు వారాల చేతికి ఆ వేగం ఎక్కడి నుంచి వస్తుంది? వంగని షాఫ్ట్‌తో కొట్టడమంటే చెక్కతో కొట్టడమే. ఫ్లెక్సిబుల్, లేదా మీడియం అని రాసున్నది చూడండి.

మీ ఇనప బ్యాట్ కాక్‌ని మధ్యలో పడెయ్యడానికి సగం కారణం దాని బరువు, సగం దాని గట్. జతగా అమ్మేవాటికి వేసే గట్‌లో జీవం ఉండదు.

హెడ్‌హెవీ_హరి
గణపతి గారు చెప్పినదాంట్లో షాఫ్ట్ సంగతి ఒప్పుకుంటాను, బరువు సంగతి ఒప్పుకోను. నేనూ అందరి మాట విని 5యూ హెడ్ లైట్‌తో మొదలెట్టాను. చేతిలో ఏమీ లేనట్టే ఉంటుంది. భుజం తిప్పకుండా ఉత్తి మణికట్టుతో చప్పున కొట్టెయ్యడం అలవాటైపోయింది. ఆరు నెలలు పోయాక కోచ్ తిట్టి మాన్పించాడు. తల బరువున్న బ్యాట్ పట్టాక ఆ బరువే చేతిని లాక్కెళ్తుంది, స్వింగ్ దానంతటదే పూర్తవుతుంది. క్లియర్, అంటే ఎత్తుగా అవతల వెనక్కి కొట్టే షాట్, వెనక లైను దాకా పోతుంది. కొట్టాయన చెప్పింది పూర్తిగా తప్పేం కాదు, ధర ఒక్కటే తప్పు.

నెట్_నాగమణి
హరి గారూ, మీ వయసెంతండీ?

హెడ్‌హెవీ_హరి
24.

నెట్_నాగమణి
అనుకున్నాను.

నాకు 41. కాకినాడలో లేడీస్ బ్యాచ్‌లో ఆడతాను. మొదటి ఏడాది మా కోర్టులో కుర్రాళ్ళు చెప్పారని 3యూ హెడ్ హెవీ కొని, 26 పౌండ్ల బిగువుకి గట్టింగ్ వేయించాను. గట్ బిర్రుగా ఉంటే గట్టిగా వెళ్తుందనుకున్నాను. రెండు నెలలకి పొయ్యి మీద నుంచి అన్నం గిన్నె దించుతుంటే మోచేతికి బయటి వైపు కలుక్కుమంది. తర్వాత టీ గ్లాసు ఎత్తినా నొప్పే. మూడు నెలలు ఆట లేదు, ఫిజియోథెరపీకి పెట్టిన డబ్బుతో రెండు బ్యాట్లొచ్చేవి. ఇప్పుడు 5యూ, 22 పౌండ్లు. పిడికి మూడు వరసలు చుట్టుకున్న గ్రిప్ తీసేసి ఒక్క వరసకి వచ్చాను. పిడి లావైతే వేళ్ళతో తిప్పడం పోయి గుప్పిటతో బిగించి పట్టుకుంటాం, ఆ బిగింపంతా మోచేతికే పోతుంది. ఇది నాకెవరూ ముందు చెప్పలేదు.

ఉక్కపోత
22 పౌండ్లంటే వదులు కదా? మా కోర్టులో అందరూ 27, 28 అంటారు.

గట్టింగ్_గణపతి
అంటారు. వేయించుకునేది కూడా వాళ్ళే, వారానికి ఒకటి తెంపుకుని నా దగ్గరికొచ్చేదీ వాళ్ళే. నాకు లాభమే.

గట్ ఎంత బిగిస్తే కాక్ సరిగ్గా తగలాల్సిన చోటు అంత చిన్నదవుతుంది. దానికి పక్కన తగిలిందా, బలం సగం చచ్చిపోతుంది. కాస్త వదులుగా ఉంటే గట్టే కాక్‌ని విసురుతుంది, నులక మంచం మీద పిల్లలు ఎగిరినట్టు. కొత్తవాళ్ళకి 20 నుంచి 24 మధ్య చాలు. గట్ రకం అడిగితే బీజీ65 చెబుతాను, 0.70 మిల్లీమీటర్ల మందం, బాగా నిలబడుతుంది. 0.65 రకాలు టంగుమని బాగా మోగుతాయి, కొత్తవాళ్ళ చేతిలో తొందరగా తెగుతాయి. మీరు కాక్‌ని మధ్యలో కంటే అంచున ఎక్కువ కొడతారు కాబట్టి.

రావులపాలెం_రెట్
బ్యాడ్మింటన్ డబుల్స్ ఆటగాడు సాత్విక్ మన అమలాపురం కుర్రాడే కదా. అబ్బులు గారు అతను ఆడిన ఊళ్ళో ఆడుతూ సలహా మమ్మల్ని అడుగుతున్నారు :)

హరికి ఒక సంగతి. 2023 ఏప్రిల్ 14న జపాన్‌లో సోకా అనే ఊళ్ళో సాత్విక్ కొట్టిన స్మాష్ గంటకి 565 కిలోమీటర్లు, గిన్నిస్ రికార్డు. 2013 నుంచి మలేషియా ఆటగాడు టాన్ బూన్ హియాంగ్ పేరున ఉన్న 493 దాంతో పోయింది. ఆ రోజు చేతిలో ఉన్న బ్యాట్ యోనెక్స్ వాళ్ళ నానోఫ్లేర్ 1000 జెడ్. అది హెడ్ లైట్.

హెడ్‌హెవీ_హరి
ఆయనకి అప్పడాల కర్ర ఇచ్చినా అంతే కొడతాడు. దాంతో ఏం రుజువైంది?

భీమవరం_బుల్లోడు
అప్పడాల కర్ర హెడ్ హెవీయా, ఈవెన్ బ్యాలెన్సా?

రావులపాలెం_రెట్
స్మాష్‌కి హెడ్ హెవీయే కావాలన్న మాట తప్పని రుజువైంది. అంతకు మించి నేనేం అనలేదు.

ఉక్కపోత
అయితే అబ్బులు గారు ఆ నానోఫ్లేరే కొనేసుకోవచ్చుగా, తేలికేనట.

గట్టింగ్_గణపతి
వద్దు బాబూ. దాని షాఫ్ట్ ఎక్స్‌ట్రా స్టిఫ్. తల తేలిక, వెన్ను ఇనుము. పైన చెప్పిన గొడవంతా అదే కదా. పెద్ద ఆటగాళ్ళ బ్యాట్లు ఎక్కువగా అలాగే ఉంటాయి. యోనెక్స్‌దే ఇంకో బ్యాట్ ఆస్ట్రాక్స్ 100 జెడ్‌జెడ్ హెడ్ హెవీ, కానీ అదీ ఎక్స్‌ట్రా స్టిఫ్ఫే. తల ఎటున్నా వాళ్ళ చేతి వేగం మనకి లేదు.

బంతి_మాస్టారు
నేను పాలకొల్లు. రిటైరైన వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి. మా కాలంలో మా ఊళ్ళల్లో షటిల్ ఎవరిక్కావాలి, బాల్ బ్యాడ్మింటనే. పసుపు ఉన్ని బంతి, వైపుకి అయిదుగురు, సాయంత్రం అయ్యేసరికి హైస్కూలు గ్రౌండు నిండిపోయేది. ఆ బ్యాట్ బరువు ఈ షటిల్ బ్యాట్ కంటే బాగా ఎక్కువ. భుజంతో కొట్టాలి, మణికట్టు ఊరికే తిప్పితే బంతి కదలదు. యాభై దాటాక షటిల్ కోర్టుకొచ్చి అదే విసురు విసిరాను. మొదటి వారంలో రెండు గట్లు తెగాయి, కాక్ ఒకసారి గోడ పైనున్న ఫ్యాన్‌లో ఇరుక్కుంది.

చెప్పొచ్చేదేమంటే, అలవాటు చేతిలో ఉంటుంది, బ్యాట్‌లో కాదు. అబ్బులూ, నువ్వు కాక్‌ని తల వెనక్కి వచ్చాక కొడుతున్నావని నా అనుమానం. అది నెత్తికి కాస్త ముందుండగా, చెయ్యి పూర్తిగా చాచి కొట్టాలి. ఛాతీ నెట్ వైపు పెట్టి నిలబడితే ఏ బ్యాటూ నిన్ను కాపాడదు, పక్కకి తిరుగు. కొనే ముందు వారం రోజులు కోర్టులో ఒక్కొక్కరి బ్యాట్ అడిగి పది నిమిషాలు ఆడు. అడగడానికి సిగ్గుపడకు.

అంబాజీపేట_అబ్బులు
మాస్టారూ, నన్ను చూసినట్టే చెప్పారు. ఛాతీ నెట్ వైపే.

లంక_లోకేశ్
మీరంతా ఇండోర్ మారాజులు. మాది కొబ్బరి తోటలో మట్టి కోర్టు, వెదురు బొంగులకి కట్టిన నెట్, రెండు ఎల్ఈడీ లైట్లు. సాయంత్రం పైరగాలి లేస్తే సముద్రం వైపు నిలబడ్డవాడిదే గేమ్. వరి కోతలప్పుడు లైట్ల చుట్టూ పురుగులు, కాక్ ఏదో పురుగేదో తెలీదు. మాకు ఏ బ్యాట్?

గట్టింగ్_గణపతి
బయట ఆడితే ఈక కాక్ దండగ, నైలాన్ వాడండి. నైలాన్ కాక్ కింది టోపీ అంచున రంగు పట్టీ ఉంటుంది, ఆకుపచ్చ నెమ్మది, నీలం మధ్యరకం, ఎరుపు వేగం. మన ఎండలకి గాలి పల్చబడి కాక్ దూరం పోతుంది కాబట్టి ఎరుపు జోలికి పోకండి. బ్యాట్ మాత్రం వెయ్యి, పదిహేను వందల గ్రాఫైట్ ఏదైనా సరే. కొబ్బరి చెట్టుకి కొట్టుకున్నా ఏడుపు రానంత ఖరీదుది చూసుకోండి.

లంక_లోకేశ్
ఈక కాక్ అంటే బాతు ఈకలేనట కదా. మా ఊళ్ళో కోతలయ్యాక చేలల్లో వేల బాతులు తిరుగుతాయి. ఒక డజను కాక్‌లు 1,500 అంటున్నారు, ఇక్కడే ఒక ఫ్యాక్టరీ పెట్టేద్దామా?

రావులపాలెం_రెట్
కాక్‌కి 16 ఈకలు, అన్నీ ఒకే వైపు రెక్కవి కావాలి. ఎడమ రెక్కవీ కుడి రెక్కవీ కలిపితే తిన్నగా తిరగదు. మీ బాతుల్ని పట్టుకుని ఎడమా కుడీ అడగడానికి ఒక మనిషిని పెట్టుకోండి.

భీమవరం_బుల్లోడు
మావాళ్ళైతే సంక్రాంతి పుంజుల ఈకలు కూడా అమ్మేస్తారు.

యానాం_వాసు
ఆన్‌లైన్ జోలికి మాత్రం వెళ్ళొద్దు. 14 వేల బ్యాట్ 2,900కి వస్తుందని పేరు తెలియని సైట్లో కొన్నాను. డూప్లికేట్. వారం రోజులకి రంగు తువ్వాలుకి అంటింది. అనుమానం వచ్చి మా వీధిలో బంగారం కొట్టుకి పట్టుకెళ్ళి కాటాలో పెట్టించాను. 4యూ అని రాసుంది, 93 గ్రాములు తూగింది! కొట్టాయన "తరుగెంత వెయ్యమంటారు" అని నవ్వాడు.

గట్టింగ్_గణపతి
డూప్లికేట్ అయ్యుండొచ్చు కానీ ఆ 93 సాక్ష్యం కాదు. కంపెనీ చెప్పే బరువు ఉత్తి ఫ్రేముది. గట్ అయిదు గ్రాముల దాకా ఉంటుంది, మీరు పైన చుట్టిన గ్రిప్ ఇంకో అయిదు. 83 బ్యాట్ 93 తూగడంలో వింతేం లేదు. రంగు ఊడటం, పిడి పైనుండే కోన్ మీద నంబర్ చెక్కినట్టు కాక అచ్చు వేసినట్టుండటం, అవి చూడండి.

యానాం_వాసు
నంబర్ గోకితే వచ్చేసింది లెండి.

కాలువగట్టు_శ్రీను
గట్ తెగాక వెంటనే మిగతాది కత్తిరించెయ్యాలని ఎవరూ రాయలేదేంటి? నేను చెయ్యలేదు. పై మూలలో తెగింది, వచ్చే వారం వేయిద్దాంలే అని బండి డిక్కీలో పడేశాను. మే నెల. మూడు వారాల తర్వాత తీస్తే ఫ్రేము కోడిగుడ్డులా ఒక పక్కకి లాగేసింది. ఒక వైపు గట్ బిర్రుగా లాగుతుంటే ఇంకో వైపు పట్టేదేమీ ఉండదు కదా. 4,200 బ్యాట్. తెగిన నిమిషంలో కత్తెర తీసుకుని మధ్య నుంచి అన్ని వైపులా కోసెయ్యండి.

గట్టింగ్_గణపతి
శ్రీను చెప్పింది బంగారం లాంటి మాట. నా దగ్గరికి అలాంటి గుడ్లు నెలకి రెండు మూడు వస్తాయి. ఇంకో సంగతి, డబుల్స్‌లో జోడీ బ్యాట్‌కి తగిలి గ్రాఫైట్‌కి సన్న పగులు వచ్చినా ఇక అంతే. గట్టింగ్ బిగిస్తుంటే మిషన్ మీదే పటుక్కుమంటుంది. అందుకే మొదటి బ్యాట్ ఖరీదుది వద్దంటాను, కొత్తలో ఇద్దరూ ఒకే కాక్‌కి వస్తారు.

ఆచంట_అమ్మ
మధ్యలో అడుగుతున్నాను, మా బాబుకి 8 ఏళ్ళు, సమ్మర్ క్యాంప్‌లో చేర్పించాం. వాళ్ళ నాన్న బ్యాట్ ఇచ్చెయ్యనా?

బంతి_మాస్టారు
ఇవ్వకమ్మా. పిల్లలకి పొడుగు తక్కువ, పిడి సన్నం ఉన్న జూనియర్ బ్యాట్లు వస్తాయి. పెద్దది ఇస్తే పిడి పట్టలేక బ్యాట్ మెడ దగ్గర పట్టుకుంటాడు. ఆ అలవాటు పోగొట్టడానికి రెండేళ్ళు పడుతుంది.

ఉక్కపోత
నా పేరు చూశారుగా, గ్రిప్ సంగతి నేనే అడగాలి. రెండో గేమ్‌కే చేతిలోంచి జారిపోతుంది. మొన్న బ్యాట్ నెట్ దాటి అవతలికెళ్ళింది, కాక్ మాత్రం ఇటే ఉంది.

నెట్_నాగమణి
తువ్వాలు గుడ్డ గ్రిప్ వస్తుంది, చెమట పీలుస్తుంది. కానీ మన ఉక్కకి పది రోజుల్లో వాసన మొదలవుతుంది, మార్చాలి. లేదంటే పల్చటి ఓవర్‌గ్రిప్ వేసి, అది నున్నబడగానే పారెయ్యండి, వంద లోపే ఉంటుంది. పాత దాని మీదే కొత్తది చుట్టకండి, నా మోచేయి కథ చదివారుగా.

అంబాజీపేట_అబ్బులు
తొమ్మిది రోజులైంది, వచ్చి చెబుతున్నాను.

మాస్టారు చెప్పినట్టే అడిగి మూడు బ్యాట్లతో ఆడాను. మా జోడీది 3యూ హెడ్ హెవీ. మొదటి పది నిమిషాలు హరి మాట నిజమే అనిపించింది, ఒక క్లియర్ వెనక లైను మీద పడింది, నేనే నమ్మలేదు. కానీ నెట్ దగ్గరికి వేగంగా కాక్ వస్తే బ్యాట్ ఎత్తేలోపు ఛాతీకి తగిలింది. రెండు గేములకి భుజం అరిచింది. తర్వాత ఒక మేడమ్ గారి 5యూ, నెట్ దగ్గర హాయిగా ఉంది, వెనక నుంచి కొడితే ఎంత బలం పెట్టానో నాకే తెలియలేదు. మూడోది కాలేజీ కుర్రాడి 4యూ, ఈవెన్ బ్యాలెన్స్, మీడియం షాఫ్ట్. దాని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. బ్యాట్ సంగతి మర్చిపోయి ఆడాను.

ఆ మూడో రకమే కొన్నాను, జి5, గట్ లేకుండా 2,350. బీజీ65, 22 పౌండ్లు, కూలితో కలిపి 500. కొట్టాయన ముందే గట్ వేసినది తీసుకోమని బలవంతం చేశాడు, వద్దన్నాను. "25 వేద్దామా" అన్నాడు, అదీ వద్దన్నాను. నేను ఇంత గట్టిగా వద్దని ఎప్పుడూ అనలేదు.

హెడ్‌హెవీ_హరి
ఆ ఒక్క క్లియర్ గుర్తుంచుకోండి. ఆరు నెలల తర్వాత మళ్ళీ ఇక్కడే కలుద్దాం.

గట్టింగ్_గణపతి
కలుద్దాం. అప్పటికి ఆయన చెయ్యి తిరుగుతుంది, అప్పుడు హెడ్ హెవీ నేనే చెబుతాను. కాక్ ఎక్కడ పడుతుంది అబ్బులు గారూ ఇప్పుడు?

అంబాజీపేట_అబ్బులు
వెనక లైనుకి ఇంకా నాలుగడుగులు తక్కువ. పక్కకి తిరగడం మూడుసార్లలో ఒకసారి గుర్తొస్తోంది. కానీ నిన్న మా జోడీ "పర్లేదండీ" అనలేదు. ఎత్తుగా వచ్చిన కాక్ చూసి "మీదే, మీదే, కొట్టండి" అన్నాడు. నెట్‌కి కొట్టాను, అది వేరే విషయం.

భీమవరం_బుల్లోడు
ఇంట్లో 2 వేలన్నారు కదా. 2,850 ఎలా దాటించారు?

అంబాజీపేట_అబ్బులు
దాటలేదు గురూ. బిల్లు ప్యాంటు జేబులో వదిలేశాను, ఉతకడానికి తీసినప్పుడు దొరికిపోయింది. ఒక పూట మాటల్లేవు. సాయంత్రం బ్యాట్ చేతిలోకి తీసుకుని గాలిలో నాలుగుసార్లు ఊపి చూసి, తనూ వస్తానంది. ఇంత తేలిగ్గా ఉండేదే కావాలట.

నెట్_నాగమణి
మంచిది. కొట్టుకి మాత్రం తీసుకెళ్ళకండి. ముందు ఆ మేడమ్ గారి 5యూ ఇంకో పది నిమిషాలు అడగండి.